బైపోలార్ ఉన్నవారు తల్లి కావాలనుకుంటే: ఏ మందు ఉంచాలి, ఏది మార్చాలి

నెల తప్పిందని తెలిసిన రోజు సాయంత్రమే బైపోలార్ (అతి ఉద్రేకం అంటే మానియా, తీవ్రమైన దిగులు అంటే డిప్రెషన్ మారిమారి వచ్చే జబ్బు) మందులు పక్కన పడేసేవాళ్లు చాలామంది. ఇంట్లో పెద్దవాళ్లు "కడుపుతో ఉండగా ఆ మాత్రలెందుకమ్మా" అంటారు. మందుల షాపువాళ్లు భయపెడతారు. కొన్నిచోట్ల డాక్టర్లు కూడా "ఆ మందులన్నీ ఆపేయండి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అందరూ బిడ్డ బాగుండాలనే అంటారు. కానీ ఈ జబ్బులో, ఉన్న దారులన్నిటిలోకీ ఎక్కువ దెబ్బతీసేది ఇదే.

2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం గర్భం సమయంలో మూడ్ స్టెబిలైజర్ (మనసును నిలకడగా ఉంచే మందు) ఆపినవాళ్లను, కొనసాగించినవాళ్లను పోల్చింది. ఆపినవాళ్లలో నూటికి 85 మందికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్లలో 37 మందికి. ఎలా ఆపారన్నదీ ముఖ్యమేనని అందులోనే తేలింది. ఉన్నపళంగా ఆపినవాళ్లలో సగం మంది రెండు వారాల్లోనే మళ్లీ జబ్బున పడ్డారు. మెల్లగా తగ్గించుకుంటూ వచ్చినవాళ్లలో సగం మంది పడటానికి 22 వారాలు పట్టింది. వీళ్లు ప్రత్యేక కేంద్రాలకు వచ్చిన, జబ్బు కాస్త గట్టిగా ఉన్నవాళ్లు కాబట్టి ఈ అంకెలు అందరికీ అచ్చంగా ఇలాగే ఉండవు. తేడా మాత్రం కొట్టిపారేసేది కాదు.

జబ్బు తిరగబెడితే బిడ్డకు మందుల బెడద తప్పుతుందా అంటే, అదీ లేదు. మానియా వచ్చిన గర్భిణి నిద్రపోదు, సరిగా తినదు, స్కాన్లకు రాదు. చివరికి ఎమర్జెన్సీలో చేర్చి రెండు మూడు మందులు ఎక్కువ డోసులో ఒకేసారి ఇవ్వాల్సి వస్తుంది. తక్కువ డోసులో ఒకే మందుతో గడిచిపోవాల్సిన తొమ్మిది నెలలు అలా పాడవుతాయి. డిప్రెషన్ వస్తే ఆత్మహత్య ప్రమాదం దాని వెంటే ఉంటుంది.

కాబట్టి ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు మార్చాలి అన్నవే తేల్చుకోవాల్సినవి. పోల్చేటప్పుడు ఒక అంకె మనసులో పెట్టుకోండి: ఏ మందూ వాడని తల్లులకు పుట్టే పిల్లల్లో కూడా నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద అవయవలోపం ఉంటుంది. కింద చెప్పే ప్రతి మందునూ దాని పక్కన పెట్టి చూడాలి.

ముందు స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి: వాల్‌ప్రోయేట్

మిగతా మందుల విషయంలో ఇటూ అటూ తూచుకోవచ్చు. వాల్‌ప్రోయేట్ దగ్గర తూచడానికి ఏమీ లేదు. పిల్లల్ని కనే వయసులో, బైపోలార్ కోసం, ఈ మందు ఉండకూడదు. సోడియం వాల్‌ప్రోయేట్, వాల్‌ప్రోయిక్ యాసిడ్, డైవాల్‌ప్రోయెక్స్ అనే మూడు పేర్లూ ఒకే మందువి. ఎంకోరేట్ క్రోనో, వాల్పారిన్ క్రోనో, డైకోరేట్ ఈఆర్ వంటి బ్రాండ్లలో ఉండేది ఇదే. బ్రాండు పేరు మాత్రమే తెలిసి, లోపలున్నది ఏమిటో తెలియకుండా ఏళ్ల తరబడి మింగేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదవమంటున్నాం.

గర్భంలో ఈ మందు తగిలిన పిల్లల్లో నూటికి సుమారు పదిమందికి పెద్ద అవయవలోపాలు వస్తాయి: వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం, గుండెలోపం, గ్రహణమొర్రి, మూత్రాంగ లోపాలు. డోసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. మూర్ఛ మందుల మీద (వాల్‌ప్రోయేట్ కూడా వాటిలో ఒకటే) నడిచిన పెద్ద అంతర్జాతీయ రిజిస్ట్రీ 2018లో ఇచ్చిన లెక్కలో రోజుకు 650 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువ వాడినవారిలో నూటికి 6, 1450 దాటినవారిలో నూటికి 25. అంటే తక్కువ డోసు కూడా నిరపాయం కాదు.

స్కాన్‌లో కనబడని నష్టం ఇంకా పెద్దది. ఈ మందు తగిలిన పిల్లల్లో నూటికి 30 నుంచి 40 మందికి మాట ఆలస్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలు వస్తాయి. ఆరేళ్ల వయసులో కొలిస్తే ఐక్యూ 8 నుంచి 11 పాయింట్లు తక్కువగా ఉందని 2013 నాటి అధ్యయనం చూపింది. మెదడు తొమ్మిది నెలలూ ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి "మూడో నెల దాటింది, ఇక ఫర్వాలేదు" అన్న మాట ఈ మందుకు వర్తించదు. అయిదో నెలలో తెలిసినా మార్చుకోవడం వల్ల మేలుంటుంది. ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు. అది ఈ మందు చేసే నష్టాన్ని తుడిచేస్తుందన్న రుజువు లేదు.

బ్రిటన్ 2018 నుంచి గర్భనిరోధం పక్కాగా లేని స్త్రీకి ఈ మందు ఇవ్వడాన్ని కట్టడి చేసింది. మన దగ్గర ఇప్పటికీ ఇరవై ఏళ్ల అమ్మాయిలకు కూడా రాస్తున్నారు. మీకు రాసి ఉంటే, పెళ్లి సంబంధాలు చూస్తున్న దశలోనే డాక్టరును అడగండి: "దీని బదులు ఇంకేదైనా వాడొచ్చా?" పెళ్లయ్యాక అడగడం ఆలస్యం, నెల తప్పాక అడగడం ఇంకా ఆలస్యం. వెన్నెముక గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపు. ఆ సమయానికి చాలామందికి గర్భమని తెలియనే తెలియదు.

భర్త వాల్‌ప్రోయేట్ వాడుతున్నా డాక్టరుతో ఓ మాట అనుకోవాలి. గర్భానికి ముందు మూడు నెలల్లో తండ్రి ఈ మందు వాడిన పిల్లల్లో ఎదుగుదల సమస్యలు నూటికి అయిదుగురిలో, వేరే రెండు మూర్ఛ మందులు వాడిన తండ్రుల పిల్లల్లో ముగ్గురిలో కనిపించాయని ఐరోపా మందుల సంస్థ 2024లో హెచ్చరించింది. తల్లి వాడితే వచ్చే ముప్పుతో పోలిస్తే ఇది చాలా చిన్నది. అసలు కారణం మందేనా అన్నది కూడా ఇంకా రుజువు కాలేదు. అయినా తెలిసి ఉండటం మంచిది.

లిథియం: భయం ఎక్కువ, ముప్పు తక్కువ, శ్రద్ధ చాలా కావాలి

లిథియం పేరు వినగానే గుండెలోపం గుర్తొస్తుంది. 1970లలో వచ్చిన తొలి లెక్కలు ఆ ముప్పును కొన్ని వందల రెట్లుగా చూపించాయి. చెడుగా జరిగిన కేసులే ఎక్కువగా నమోదు కావడం వల్ల అలా అయింది. 2017లో అమెరికాలో 13 లక్షలకు పైగా గర్భాలను పరిశీలించిన అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో లిథియం తగిలిన పిల్లల్లో గుండెలోపాలు నూటికి 2.41, తగలనివారిలో 1.15. నూరు గర్భాలకు ఒకటి అదనం అన్నమాట. అదీ డోసును బట్టి మారింది. రోజుకు 600 మిల్లీగ్రాముల లోపు తేడా దాదాపు లేదు. 900 దాటితే ముప్పు మూడు రెట్లయింది.

లిథియంతో ఏళ్ల తరబడి బాగున్నవాళ్ల ముందు నాలుగు దారులుంటాయి.

మొదటిది, తొమ్మిది నెలలూ కొనసాగించడం. పాత మానియా తీవ్రంగా వచ్చినవాళ్లు, ఒకసారైనా ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు, గతంలో లిథియం ఆపగానే కుప్పకూలినవాళ్లు ఈ దారి పట్టడమే మేలని మా అభిప్రాయం. గర్భానికి ముందే డోసును పనిచేసే కనీస స్థాయికి తేవాలి.

రెండోది, ముందే మెల్లగా ఆపి, గుండె ఏర్పడే మొదటి మూడు నెలలు మందు లేకుండా గడిపి, నాలుగో నెలలో మళ్లీ మొదలుపెట్టడం. కాగితం మీద అందంగా కనిపించే దారి ఇది. ఆచరణలో చిక్కు ఏమిటంటే, గర్భం ఎప్పుడు నిలుస్తుందో ఎవరికీ తెలియదు. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. అన్నాళ్లూ మందు లేకుండానే ఉండాలి. పోనీ పరీక్షలో పాజిటివ్ వచ్చిన రోజున ఆపుదామనుకుంటే అది ఉన్నపళంగా ఆపడం అవుతుంది, రెండు వారాల్లో తిరగబెట్టే లెక్క దానిదే. పైగా అప్పటికే గుండె ఏర్పడటం మొదలై ఉంటుంది. ఆపితే ఎంతకాలం బాగుంటారో గత అనుభవం బట్టి తెలిసినవాళ్లకే ఈ దారి.

మూడోది, గర్భమంతా మందు లేకుండా గడిపి కాన్పు కాగానే మొదలుపెట్టడం. జీవితంలో ఒకటి రెండుసార్లే జబ్బు వచ్చి, కొన్నేళ్లుగా బాగున్నవాళ్లకు మాత్రమే. నాలుగు వారాలకు తక్కువ కాకుండా, వీలైతే ఇంకా మెల్లగా డోసు తగ్గించాలి.

నాలుగోది, ముందే వేరే మందుకు, సాధారణంగా క్విటయాపిన్‌కు, మారడం. కొత్త మందు మీకు పనిచేస్తుందో లేదో గర్భానికి ముందే తేలాలి. లిథియం ఒక్కటే పట్టిన మనిషిని గుండెలోపం భయంతో వేరే మందుకు మార్చి, అది పట్టక, మళ్లీ లిథియంకే రావడం అన్నిటికంటే చెడ్డ ఫలితం. బిడ్డకు రెండు మందులూ తగులుతాయి, తల్లికి జబ్బూ వస్తుంది.

కొనసాగించాలని నిర్ణయిస్తే అసలు పని అక్కడ మొదలవుతుంది. గర్భంలో కిడ్నీలు ఎక్కువ పనిచేసి లిథియాన్ని త్వరగా బయటికి పంపేస్తాయి. అదే డోసు వేసుకుంటున్నా రక్తంలో స్థాయి మొదటి మూడు నెలల్లో సగటున 24 శాతం, రెండో మూడు నెలల్లో 36 శాతం పడిపోతుంది. "మందు వాడుతూనే ఉంది, అయినా మానియా వచ్చింది" అనే కేసుల్లో తరచుగా జరిగేది ఇదే. 34 వారాల వరకు మూడు వారాలకోసారి, ఆ తర్వాత కాన్పు దాకా వారం వారం లిథియం లెవెల్ చూడాలి. దానితోపాటు అప్పుడప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష).

రక్తం ఇవ్వడంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. చివరి మాత్రకు 12 గంటల తర్వాత రక్తం ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి, ఉదయం మాత్ర వేసుకోకముందే. మాత్ర మింగి వెళ్తే లెవెల్ దొంగగా ఎక్కువ చూపిస్తుంది. రెండోది గొట్టం. ఆకుపచ్చ మూత గొట్టాల్లో కొన్నింటిలో గడ్డకట్టకుండా కలిపేదే లిథియం హెపారిన్. అందులో తీసిన రక్తంలో లెవెల్ విషస్థాయికి చేరినట్టు కనిపించి, అవసరం లేకుండా మందు ఆపించేస్తారు. సీరం కోసం వాడే ఎరుపు లేదా పసుపు మూత గొట్టంలోనే తీయమని ల్యాబ్‌లో చెప్పండి. రిపోర్టు అనుకోకుండా ఎక్కువొస్తే, ఒంట్లో విషలక్షణాలేవీ లేకపోతే, ముందు గొట్టం సంగతి అడగండి.

గుండె కోసం టిఫా స్కాన్‌తో (బిడ్డ అవయవాలన్నీ చూసేది) పాటు 20 నుంచి 24 వారాల మధ్య ఫీటల్ ఎకో (కడుపులోని బిడ్డ గుండె స్కాన్) చేయించాలి. మొదటి స్కాన్‌లోనే "లిథియం వాడుతున్నాను" అని రేడియాలజిస్టుకు చెబితే దేనికోసం వెతకాలో వాళ్లకు తెలుస్తుంది.

లెవెల్ ఒక్కసారిగా పెరిగే సందర్భాలు కూడా తెలిసుండాలి. వేవిళ్లు ముదిరి నీళ్లు కూడా నిలవకపోవడం, విరేచనాలు, ఏప్రిల్ మే ఎండల్లో చెమట, ఉపవాసం, ఉప్పు బాగా తగ్గించేయడం, బీపీ పెరిగి కిడ్నీ మందగించడం. వణుకు పెద్దదవడం, తూలడం, మాట ముద్దగా రావడం, మత్తు, వాంతులూ విరేచనాలూ కలిసి రావడం విషలక్షణాలు. ఇవి కనబడితే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి లెవెల్, క్రియాటినిన్ చూపించాలి.

లామోట్రిజిన్: బిడ్డకు మెత్తన, మానియాకు చాలదు

అవయవలోపాల లెక్కలో ఇది మందు వాడనివారికి దగ్గరగా, నూటికి 2 నుంచి 3 మధ్య ఉంటుంది. పిల్లల తెలివితేటల మీద వాల్‌ప్రోయేట్ లాంటి ప్రభావం కనబడలేదు. అయితే ఇది ప్రధానంగా డిప్రెషన్ రాకుండా కాపాడే మందు. వచ్చిన మానియాను తగ్గించదు, రాబోయే మానియాను ఆపడంలోనూ బలం తక్కువ. బైపోలార్ 2 (పూర్తిస్థాయి మానియా రాని రకం) ఉన్నవాళ్లకు, ఎక్కువగా డిప్రెషన్లే వచ్చేవాళ్లకు దీనికి మించింది లేదు. పెద్ద పెద్ద మానియాలు వచ్చినవాళ్లకు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోమనడం సరికాదు.

మొదలుపెట్టడంలో తొందర కుదరదు. రోజుకు 25 మిల్లీగ్రాములు రెండు వారాలు, 50 రెండు వారాలు, 100 ఒక వారం, ఆ తర్వాత 200. వాల్‌ప్రోయేట్‌తో కలిపి ఉంటే ఇవన్నీ సగం, అంటే రోజు విడిచి రోజు 25తో మొదలు. ఎందుకంటే వాల్‌ప్రోయేట్ దీన్ని ఒంట్లోనే ఆపి లెవెల్ రెట్టింపు చేస్తుంది. తొందరపడితే ప్రాణాంతకమైన చర్మవ్యాధి, స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్, రావచ్చు. మొదటి రెండు నెలల్లో జ్వరంతో దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే మందు ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అయిదారు రోజులు వరుసగా మర్చిపోతే పాత డోసుతో కాదు, మళ్లీ 25 నుంచే మొదలు. వాల్‌ప్రోయేట్ నుంచి దీనికి మారడానికి రెండు మూడు నెలలు పట్టేది ఇందుకే. ఇంకో సంగతి: వాల్‌ప్రోయేట్ పూర్తిగా ఆపేశాక లామోట్రిజిన్ లెవెల్ సగానికి పడుతుంది, అప్పుడు డోసు పెంచాలి. ఇది మర్చిపోయి, "కొత్త మందు పనిచేయలేదు" అనుకుని మళ్లీ వాల్‌ప్రోయేట్‌కు వెళ్లిపోయేవాళ్లున్నారు.

గర్భంలో ఈస్ట్రోజెన్ హార్మోన్ పెరిగేకొద్దీ లామోట్రిజిన్ లెవెల్ కూడా పడిపోతుంది, కొందరిలో సగానికి మించి. లెవెల్ కొలిచే ల్యాబులు అన్ని ఊళ్లలో దొరకవు కాబట్టి దిగులు, నిద్ర, ఆసక్తి గమనించుకుంటూ తొలి లక్షణాల దగ్గరే డాక్టరు డోసు పెంచాలి. కాన్పయ్యాక ఇది తిరగబడుతుంది. రెండు మూడు వారాల్లోనే లెవెల్ పైకి వచ్చేస్తుంది. పెంచిన డోసును వెనక్కి తగ్గించకపోతే కళ్ల ముందు రెండేసి బొమ్మలు, తల తిరగడం, తూలడం వస్తాయి. చేతుల్లో పసిబిడ్డ ఉండే రోజులవి. డోసు ఎప్పుడు ఎంత తగ్గించాలో ఎనిమిదో నెలలోనే కాగితం మీద రాయించుకోండి.

క్విటయాపిన్, ఓలాంజపిన్, వాటి తోబుట్టువులు

వాల్‌ప్రోయేట్ వదిలేవాళ్లలో ఎక్కువమంది చేరేది ఇక్కడికే. 2016లో వచ్చిన 13 లక్షల గర్భాల అధ్యయనంలో ఈ తరగతి మందులకు, అంటే యాంటీసైకోటిక్స్‌కు, చెప్పుకోదగ్గ అవయవలోప ముప్పు కనబడలేదు. రిస్పెరిడోన్ దగ్గర మాత్రం కొద్దిపాటి పెరుగుదల కనిపించింది.

మా దృష్టిలో వీటిలో ముందు నిలిచేది క్విటయాపిన్. మానియాకు, డిప్రెషన్‌కు, రెండూ రాకుండా కాపాడటానికి మూడింటికీ పనిచేస్తుంది. మాయ దాటి బిడ్డకు చేరేది కూడా ఈ గుంపులో తక్కువ. తల్లి రక్తంలో ఉన్నదాంట్లో నాలుగో వంతు దాకా బొడ్డుతాడు రక్తంలో కనిపించింది. ఓలాంజపిన్‌కు అదే 70 శాతం దాటింది. ఓలాంజపిన్ మానియాను త్వరగా దింపుతుంది, కానీ బరువు, షుగరు బాగా పెంచుతుంది. క్విటయాపిన్ కూడా పెంచుతుంది, కాస్త తక్కువ. మన ఆడవాళ్లలో గర్భం షుగరు అసలే ఎక్కువ కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకు చేసే పరీక్ష మొదటి విజిట్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయించాలి. 140 గానీ అంతకు మించి గానీ వస్తే గర్భం షుగరే.

అరిపిప్రజోల్‌తో బరువు, షుగరు బాధ తక్కువ. కాకపోతే డిప్రెషన్ మీద పెద్దగా పనిచేయదు, కాన్పయ్యాక పాలు తగ్గించవచ్చు. గర్భం చివరి నెలల్లో క్విటయాపిన్, అరిపిప్రజోల్ లెవెల్స్ సగానికి మించి పడిపోతాయి, ఓలాంజపిన్ పెద్దగా మారదు. ఏడో నెల తర్వాత నిద్ర తగ్గుతూ వస్తుంటే "కడుపు బరువుకి నిద్రపట్టట్లేదు" అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పండి.

రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) పెంచి చాలామందిలో నెలసరి ఆపేస్తాయి, గర్భం నిలవడమే కష్టమవుతుంది. వీటి నుంచి వేరే మందుకు మారగానే నెలసరి తిరిగి వస్తుంది. కొత్త మందు కుదురుకోకముందే అనుకోని గర్భం వచ్చే సమయం అదే, అప్పటిదాకా నిరోధ్ అయినా వాడండి.

ఈ మందులు వాడిన తల్లుల పసిబిడ్డలను మొదటి రెండు రోజులు ఆసుపత్రిలో గమనించాలి: వణుకు, ఒళ్లు బిగుసుకోవడం లేదా వదులవడం, పాలు సరిగా పట్టకపోవడం, ఊపిరిలో ఇబ్బంది. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.

కార్బమజెపిన్ గురించి రెండు మాటలు చాలు. అవయవలోపాలు నూటికి అయిదు దాకా, వెన్నెముక లోపం ముప్పూ ఉంది. గర్భనిరోధక మాత్రలను పనిచేయకుండా చేస్తుంది. బైపోలార్‌లో దీనికంటే మెరుగైనవి ఉన్నాయి. డిప్రెషన్ మాత్రలు ఒక్కటే వాడటం కూడా వద్దు, మానియాను లేపుతాయి. ఇక కరెంటు చికిత్స, అంటే ఈసీటీ, పేరు వినగానే భయపడతారు గానీ, తిండీ నీళ్లూ మానేసిన తీవ్ర డిప్రెషన్‌లో, ఏ మందుకూ లొంగని మానియాలో గర్భిణికి త్వరగా పనిచేసేది ఇదే. మత్తు ఇచ్చి, కండరాలు సడలించి, బిడ్డ గుండె చూస్తూ చేయాలి. మత్తు లేకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఎవరికి ఏది

వాల్‌ప్రోయేట్ మీద ఉండి, గతంలో మానియాలు వచ్చినవాళ్లు గర్భానికి ఆరు నెలల ముందు క్విటయాపిన్‌కు మారడం మంచిది. కొత్త మందు మీద కనీసం మూడు నెలలు నిలకడగా గడిచాకే గర్భానికి ప్రయత్నించాలి. లిథియం పట్టినవాళ్లు లిథియం మీదే, తక్కువ డోసులో, పరీక్షలతో. డిప్రెషన్లే ఎక్కువైతే లామోట్రిజిన్. రెండు మూడు మందులు కలిపి వాడుతుంటే ఒకదానికి దిగడానికి ప్రయత్నించండి. తక్కువ డోసులో రెండింటి కంటే సరైన డోసులో ఒకటి మేలు. అందరికీ ఫోలిక్ యాసిడ్. మూర్ఛ మందుల జాతివి (లామోట్రిజిన్, కార్బమజెపిన్ వంటివి) వాడేవాళ్లకు సాధారణంగా రోజుకు 5 మిల్లీగ్రాములు, గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది 500 మైక్రోగ్రాములే, అంటే దీనిలో పదో వంతు.

ఇప్పటికే నెల తప్పి ఉంటే ఈ లెక్క మారుతుంది. వాల్‌ప్రోయేట్ తప్ప, బాగా పనిచేస్తున్న ఏ మందునూ ఇప్పుడు కొత్తదానితో మార్చకండి. తగలాల్సింది చాలావరకు తగిలింది, మారిస్తే బిడ్డకు రెండో మందు కూడా తగులుతుంది, మీరు అదుపు తప్పుతారు. వాల్‌ప్రోయేట్ అయితే ఆ రోజే సైకియాట్రిస్టుకు ఫోన్ చేయండి. ఒకటి రెండు రోజుల్లో వేరే మందు మొదలుపెట్టి దీన్ని తీసేస్తారు. మూర్ఛ కూడా ఉంటే మాత్రం డాక్టరు చూడకుండా ఒక్క డోసూ ఆపకండి, ఫిట్స్ వల్ల తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం. "మందు వాడావు కాబట్టి తీయించేసుకో" అనే ఒత్తిడి వస్తే, ముందు స్కాన్లు చూడాలి. లిథియం, లామోట్రిజిన్, క్విటయాపిన్ వాడటం ఒక్కటే గర్భం తీయించుకోవడానికి కారణం కాదు.

కాన్పు, బాలింత రోజులు

ఎంత బాగా నడిపినా అసలు గండం కాన్పు తర్వాతి నాలుగు వారాలు. 2016లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, గర్భంలో మందు లేకుండా ఉన్న బైపోలార్ స్త్రీలలో నూటికి 66 మందికి కాన్పయ్యాక జబ్బు తిరగబెట్టింది. మందు మీద ఉన్నవాళ్లలో 23 మందికి. గర్భంలో మందు మానినవాళ్లు కూడా కాన్పయిన రోజునే మొదలుపెట్టాలని చెప్పేది ఇందుకే.

పుట్టింటికి పురుటికి వెళ్లేటప్పుడు చాలాచోట్ల గొలుసు తెగుతుంది. ఏడో నెలలో ఊరు మారుతుంది, డాక్టరు మారతారు, వారం వారం చూడాల్సిన లెవెల్ ఆగిపోతుంది. ప్రయాణానికి ముందే మందుల పేర్లు, డోసులు, చివరి లెవెల్, కాన్పు రోజు ఏం చేయాలి, ఆ తర్వాత డోసు ఎంత అని సైకియాట్రిస్టు చేత ఒక పేజీ రాయించి గైనకాలజిస్టుకు, పిల్లల డాక్టరుకు ఒక్కో కాపీ ఇవ్వండి. లిథియం వాడేవాళ్లు పసిబిడ్డల ఐసీయూ ఉన్న ఆసుపత్రినే ఎంచుకోవాలి.

లిథియం వాడేవాళ్లు నొప్పులు మొదలవగానే మాత్ర ఆపి, లెవెల్ చూసి, సెలైన్ పెట్టించుకోవాలి. కాన్పయ్యాక లెవెల్, మూత్రం చూసి గర్భానికి ముందున్న డోసుతో మొదలుపెడతారు. గర్భంలో పెంచిన డోసుతో మొదలుపెడితే విషమవుతుంది, కిడ్నీలు అప్పటికే మామూలు స్థితికి వస్తుంటాయి. మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు లెవెల్. సిజేరియన్ తర్వాత నొప్పికి డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ అలవాటుగా ఇస్తారు, అవి లిథియం లెవెల్ పెంచుతాయి. పారాసెటమాల్ అడగండి.

ఇక పత్యం. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం, ఉప్పు తగ్గించడం కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. లిథియం వాడే బాలింతకు ఇది నేరుగా విషం ఎక్కించడమే. అమ్మకో అమ్మమ్మకో ముందుగానే చెప్పి ఒప్పించాలి: దాహమేసినంత నీళ్లు, మామూలు ఉప్పు. కాచి చల్లార్చిన నీళ్లంటే చాలామంది పెద్దవాళ్లు ఒప్పుకుంటారు.

పాల విషయంలో క్విటయాపిన్, ఓలాంజపిన్ తల్లిపాలలోకి తక్కువే చేరతాయి, నిశ్చింతగా ఇవ్వవచ్చు. లామోట్రిజిన్ కాస్త ఎక్కువగా చేరుతుంది, బిడ్డకు దద్దుర్లు, మరీ మత్తు, పాలు తాగకపోవడం లేకుండా ఉంటే ఇవ్వవచ్చు. లిథియం వాడుతూ ఇవ్వకపోవడమే సురక్షితం. బిడ్డ రక్తంలో తల్లి లెవెల్‌లో నాలుగో వంతు దాకా ఉంటుంది, ఒక్క విరేచనాల జబ్బు చేస్తే ఆ లెవెల్ ఎగబాకుతుంది. బిడ్డకు వరుసగా రక్తపరీక్షలు చేయించగలిగితేనే ఆ ఆలోచన.

అన్ని మందులకూ తోడుగా ఉండాల్సిన మందు నిద్ర. రాత్రి పదకొండు నుంచి అయిదు దాకా తల్లి కదలకుండా పడుకునేలా, ఆ సమయంలో బిడ్డకు తీసి ఉంచిన పాలో డబ్బా పాలో పట్టే మనిషి ఎవరో ఎనిమిదో నెలలోనే తేల్చుకోండి. బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర రాకపోవడం, ఎడతెగని మాటలు, అనుమానాలు, బిడ్డ గురించి వింత నమ్మకాలు కనిపిస్తే రేపటిదాకా ఆగకండి. అది పురిటి సైకోసిస్ (కాన్పు తర్వాత వచ్చే తీవ్రమైన మానసిక జబ్బు) కావచ్చు, గంటల్లో ముదురుతుంది, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. 14416 టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) రాత్రింబవళ్లు ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ ఇలాంటి రాత్రి ఫోనుతో ఆగకుండా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. చేర్చాల్సి వస్తే బిడ్డను వేరు చేస్తారని భయపడనక్కర్లేదు. మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి విడదీయకూడదని 2017 చట్టమే చెబుతోంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే ప్రత్యేక వార్డు 2009 నుంచి నడుస్తోంది.

ఈ సమయంలో మానియా వస్తే కొందరు డాక్టర్లు మళ్లీ వాల్‌ప్రోయేట్ రాస్తారు. గర్భం లేదు కదా, పాలలోకి తక్కువే కదా అన్నది వాళ్ల లెక్క. కానీ పాలివ్వని తల్లికి కాన్పయిన నాలుగు వారాల్లోనే మళ్లీ అండం విడుదల కావచ్చు, నెలసరి రాకముందే. ఓలాంజపిన్, క్విటయాపిన్, లిథియంలలో ఏదీ కుదరదా అని అడగండి. వాల్‌ప్రోయేట్ తప్పదంటే, ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే కాపర్ టీ వంటి గర్భనిరోధం వేయించుకోండి.